రెండు వేళ్ళ ఐసు

ఆ ఏడు వానలు మొహం చాటేశాయి. జలాశయాలు అడుగంటడంతో కరెంటుకు కోత పడింది. పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా బొంబాయి రోడ్డు పొడుగునా కొత్తగా లేచిన షెడ్లలో మిషన్లు రోజులో సగం సేపు మూగపోయి ఉండేవి. ఇనుము పని చేసేవాళ్ళు తిట్టుకుంటూ బీడీలు కాల్చుకునేవారు. ఇవాళ ఆగిన ఇనుము రేపైనా ఇనుమే కాబట్టి వాళ్ళకు అంతటితో సరిపోయేది. పాల సంగతి అలా కాదు. పాలకు రేపు లేదు.

కంది దాటాక రోడ్డు వారన ఉన్న పాల కేంద్రంలో నాగేశ్వరి ఇంజనీరుగా చేరి అప్పటికి ఏడాది. కాకినాడలో అమ్మమ్మగారింట్లో ఉండి ఎలక్ట్రికల్ ఇంజనీరింగు చదివింది. ఆమె తండ్రి భీమశంకరం పెద్ద ఫ్యాక్టరీ ఫౌండ్రీలో ఫోర్‌మన్. ఆ ఉద్యోగం కోసమే గోదావరి జిల్లా వదిలి వచ్చి, పటేల్‌గూడ దగ్గర కాపురం పెట్టాడు. కూతురు ఏ కాలేజీలోనో పాఠాలు చెబుతుందని ఆయన ఆశ. పాల కేంద్రం అని వినగానే ముఖం చిన్నబుచ్చుకున్నాడు.

"ఇంత చదువూ చదివింది పాలు కాచడానికా అమ్మా?" అన్నాడు.

"కాచడానికి కాదు నాన్నా, చల్లబరచడానికి."

ఆయన నవ్వలేదు గాని వద్దని కూడా అనలేదు.

కేంద్రంలో పని ఇదీ. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి పొద్దునా సాయంత్రమూ క్యాన్లలో పాలు వస్తాయి. పితికిన పాలు ఒంటి వేడి మీద ఉంటాయి కనుక వెంటనే చల్లబరచకపోతే పట్నం చేరేలోగా పులుస్తాయి. కేంద్రంలో ఉన్న అమ్మోనియా కంప్రెసరు నీళ్ళను చల్లబరిస్తే, ఆ నీళ్ళు కూలరు రేకుల లోపల పారుతూ బయట జారే పాలను చల్లబరిచేవి. కరెంటు పోతే కంప్రెసరు ఆగేది. ఒక చిన్న డీజిల్ ఇంజను ఉన్నా, దీపాలు వెలిగించడానికీ ఓ పంపు తిప్పడానికీ తప్ప కంప్రెసరును కదిలించే సత్తా దానికి లేదు.

కోతలు మొదలైన వారానికే గేటు దగ్గర గొడవ మొదలైంది. సరిగ్గా సాయంత్రం పాల వేళకు కరెంటు పోయేది. మేనేజరు వెంకటేశ్వరరావు మెత్తని మనిషి, ఎవరికీ కాదని చెప్పలేడు. ఆ సాయంత్రం చెప్పక తప్పలేదు. వచ్చిన క్యాన్లు వచ్చినట్టే వెనక్కి పొమ్మన్నాడు.

కొండాపూర్ వైపు ఊళ్ళ పాలన్నీ పోగుచేసి ఎడ్లబండి మీద తెచ్చే రాధమ్మ బండి దిగి నేరుగా నాగేశ్వరి దగ్గరికి వచ్చింది. నలభై దాటిన మనిషి. కాయకష్టంతో గట్టిపడిన చేతులు, ఎవరికీ బెదరని చూపు. ఆమెకు ఇంట్లో నాలుగు బర్రెలు ఉన్నాయి. ఊళ్ళో సగం ఇళ్ళ పాలకు ఆమెదే పూచీ.

"ఇంజనీరమ్మా, కరెంటు పోయిందని బర్లకు ఎర్కనా? పొద్దుగూకంగనే అవి సేపుతయి. గీ పాలన్నీ నేను ఏం జెయ్యాలె?"

"కంప్రెసరు తిరగడం లేదు రాధమ్మగారూ. చల్లని నీళ్ళు లేకుండా పాలు తీసుకుంటే పట్నం చేరకముందే విరిగిపోతాయి."

"కరెంటు ఎప్పుడొస్తది?"

"మధ్యాహ్నం పూట ఉంటోంది. పాల వేళకు పోతోంది."

"మధ్యాన్నం వచ్చిన కరెంటును సాయంత్రానికి దాసిపెట్టు మరి," అని రాధమ్మ ఎద్దుల్ని మళ్ళించింది. ఎత్తిపొడుపుగా అన్న మాటే అది. కానీ నాగేశ్వరి బస్సు ఎక్కి ఇంటికి వెళుతున్నంతసేపూ ఆ మాటే చెవిలో మోగింది. కరెంటును దాచడం తన వల్ల కాదు. చలిని దాచవచ్చు.

మర్నాడు మేనేజరు గదిలో చెప్పింది. "కరెంటు ఉన్నప్పుడు ఐసు కడదాం సార్. పెద్ద ట్యాంకులో పైపులు వేసి, వాటిలో అమ్మోనియా పంపితే చుట్టూ నీళ్ళు గడ్డకడతాయి. పాలొచ్చే వేళకు కరెంటు లేకపోయినా ఆ ఐసు మీదుగా నీళ్ళు తిప్పుకుందాం. పంపుకు డీజిల్ ఇంజను చాలు."

"చలిని గాదెలో వడ్లలాగా నిలవ చేస్తానంటావు."

"వడ్లలాగే సార్. కిలో ఐసు కరిగితే దాదాపు మూడు లీటర్ల పాలు చల్లబడతాయి."

అలాంటి ట్యాంకులు పెద్ద పెద్ద డెయిరీలలో ఉన్నాయని ఆయనా విన్నాడు. తయారుచేసే కంపెనీకి రాస్తే ఎప్పటికి వస్తుందో చెప్పలేమన్నారు. ఇక మనమే చేసుకుందామని నాగేశ్వరి సత్తయ్యను పిలిపించింది. కొండాపూర్ రైతు కుటుంబంలో పుట్టి, పొలం అన్నదమ్ములకు వదిలి, ఫ్యాక్టరీలో వెల్డింగు నేర్చిన మనిషి అతను. అమ్మోనియా పైపుకు అతను వేసిన అతుకు కారదని ఆ రోడ్డు మీద పేరు. డ్యూటీ దిగాక వచ్చి చేస్తానన్నాడు.

"ట్యాంకు ఎంతుండాలె, పైపు ఎంతుండాలె జెప్పుండ్రి మేడం. అతుకు నాది, లెక్క మీది."

ఆ లెక్క కోసమే నాగేశ్వరి ముందు చిన్న నమూనా చేయించింది. ఓ డ్రమ్మును సగానికి కోయించి, నీళ్ళు పోసి, మధ్యలో ఒకే ఒక్క పైపు పెట్టి కంప్రెసరుకు కలిపించింది. ఐసు కడుతున్నకొద్దీ మధ్యమధ్య ఆపి, దాని మందం కొలిచింది. మొదటి వేలు మందం ఇట్టే కట్టింది. రెండో వేలు మందానికి దానికి మూడింతల సమయం పట్టింది. మూడో వేలుకు ఐదింతలు. కాగితం మీద తను వేసుకున్న లెక్కా డ్రమ్ములోని ఐసూ ఒకే మాట చెప్పేసరికి ఆమె మనసు ఎగిరి గంతేసింది. సుద్దముక్క తీసుకుని, ఐసు పెరిగే తీరును షెడ్డు గోడ మీద గీతగా గీసింది.

క్యాన్లు దించడానికి వచ్చిన రాధమ్మ గోడ ముందు ఆగింది.

"ఏందమ్మా ఇది? గుట్ట బొమ్మనా?"

"ఐసు ఎట్లా పెరుగుతుందో ఆ బొమ్మ. ముందు జోరుగా పెరుగుతుంది, పోనుపోను నీరసిస్తుంది. చలి పైపులోంచి రావాలి కదా. కట్టిన ఐసే పైపు మీద గొంగడి కప్పినట్టు అడ్డమవుతుంది. ఎంత మందం కడితే అంత మందం గొంగడి."

రాధమ్మ గొంగడి మాటకు తల ఊపింది. "అయితే మందం గొంగడి ఒక్కటి కాదు, సన్నయి శాన ఉండాలె."

"అదే. పొడుగు పైపు వేసి, దాని మీద రెండు వేళ్ళ మందం కడితే చాలు."

సత్తయ్య ఆ లెక్క ప్రకారమే పైపులు వంచాడు. ఒక్కో పైపుకూ పక్క పైపుకూ నడుమ ఐదు వేళ్ళ సందు. ఇటు పైపుకు రెండు వేళ్ళ ఐసు, అటు పైపుకు రెండు వేళ్ళు, మధ్యలో నీళ్ళు పారడానికి ఒక వేలు. ట్యాంకు చుట్టూ ఊకా చెక్కపొట్టూ కూరి, చెక్కలు బిగించారు. మాఘమాసం వెళ్ళేసరికి అది పని మొదలుపెట్టింది. సాయంత్రం కరెంటు పోయినా పాలు వెనక్కి పోలేదు. రాధమ్మ చల్లని క్యాను మీద అరచెయ్యి పెట్టి చూసి, ఆ చెయ్యి చెంపకు ఆనించుకుని బండెక్కింది. అదే నాగేశ్వరికి సన్మానం అయింది.

తర్వాత దెబ్బ తగిలింది.

ఒక ఆదివారం ఫ్యాక్టరీలన్నీ మూసి ఉండటంతో కరెంటు పొద్దుటి నుంచీ పోకుండా ఉంది. మర్నాడు పెళ్ళిళ్ళ ముహూర్తాలు, పట్నంలో పాలకు గిరాకీ. "కరెంటు ఉన్నంతసేపూ కట్టనీ నాగేశ్వరీ. ఎక్కువైతే పోయేదేముంది?" అన్నాడు వెంకటేశ్వరరావు. గోడ మీద గీత కళ్ళముందే ఉన్నా, ఎక్కువుంటే మంచిదేగా అని ఆమె మనసూ తూగింది. సరేనంది.

సోమవారం పాలు వచ్చాయి. కరెంటు పోయింది. పంపు తిరుగుతోంది, ట్యాంకు నిండా ఐసు ఉంది, అయినా పాలు చల్లబడటం లేదు. నాగేశ్వరి ట్యాంకు నుంచి కూలరుకు తిరిగివచ్చే నీళ్ళలో చెయ్యి పెట్టి ఉలిక్కిపడింది. వెచ్చగా ఉన్నాయి. మూత తీయించి చూస్తే లోపల పైపులే కనబడలేదు. పక్కపక్క పైపుల ఐసు కలిసిపోయి, ట్యాంకంతా ఒకే తెల్లని బండ అయింది. నీళ్ళు పారే సందే లేదు. అవి బండ పైపైన జారి, ఎట్లా పోయినవి అట్లా వస్తున్నాయి. కింద అంత చలి ఉంది, కానీ అందుకునే దారి లేదు.

ఆ రోజు ట్యాంకరులో పోయిన పాలు పట్నం నుంచి వెనక్కి వచ్చాయి. మర్నాడు గేటు దగ్గర ఊళ్ళవాళ్ళంతా మూగారు. రాధమ్మ వాళ్ళను వెనక ఉంచి తను ముందుకొచ్చింది.

"నీ ఐసు ఉన్నదా, కరిగిందా?"

"ఉంది రాధమ్మగారూ. ఎక్కువైంది. అందుకే పాడైంది."

"ఎక్కువై పాడైతదా?"

"రండి, చూపిస్తాను."

ట్యాంకు పక్కన వేసిన మెట్ల మీదికి ఎక్కించి ఆ తెల్లబండను చూపించింది. రాధమ్మ వంగి చూసింది. "సాళ్ళ నడుమ సందు లేకుంట నాటేసినవు," అంది. "నీళ్ళెట్ల పారుతయి?" కిందికి దిగి, వెనక ఉన్నవాళ్ళతో, "జెర ఓపిక పట్టుండ్రి. తప్పు దొరికింది," అంది.

ఆ సాయంత్రం నాగేశ్వరి ఇంటికి పోయి అన్నం కలపకుండా కూర్చుంది. భీమశంకరం సంగతంతా అడిగి తెలుసుకున్నాడు. ఫౌండ్రీలో ముప్ఫై ఏళ్ళు వేడితో కుస్తీ పట్టిన మనిషి.

"మా దగ్గర పోత చెడితే ఏం చేస్తామో తెలుసా? పగలగొట్టి లోపల చూస్తాం. ఎక్కడ చెడిందో అదే చెబుతుంది. నీ బండ కరుగుతుంటే దగ్గరుండి చూడు."

ఆ మాట పట్టుకుని మర్నాడు ఆమె, సత్తయ్య ట్యాంకు మూత తీసి ఉంచి, బండ కరిగేదాకా గంటగంటకూ చూశారు. ఓ వైపు సందులు ముందే తెరుచుకున్నాయి. రెండో వైపు, అమ్మోనియా లోపలికి వచ్చే మూల, చిట్టచివరిదాకా కరగలేదు.

"వచ్చే దిక్కు బలిసింది, పోయే దిక్కు బక్కగుంది," అన్నాడు సత్తయ్య.

"అవును. ఒక వరసకు ఇటునుంచీ, పక్క వరసకు అటునుంచీ అమ్మోనియా పంపితే రెండు వైపులా సమానంగా కడుతుంది. పైపుల మూతులు మార్చగలవా?"

"మారుస్త. గని మేడం, నీళ్ళల్ల మునిగిన పైపు మీద ఐసు రెండు వేళ్ళు దాటిందా లేదా అని ఎవరు సూడాలె? గడియగడియకు మూత తీస్కుంట కూసుంటమా?"

అసలు ప్రశ్న అదే. ఐసును చూడటానికి నీళ్ళలో ఒక కన్ను కావాలి. ఆ కన్ను ఎట్లా ఉండాలో నాగేశ్వరికి మంచినీళ్ళ గ్లాసు చెప్పింది. ఇక్కడి బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, కరెంటు బాగా పారుతుంది. అదే నీరు గడ్డకడితే పారదు. ఒక గ్లాసు నీళ్ళలో రెండు ఇత్తడి పుల్లలు పెట్టి మీటరుకు కలిపింది. ముల్లు లేచి నిలబడింది. అవే పుల్లలతో గ్లాసును ట్యాంకులో దింపి గడ్డకట్టించింది. ముల్లు పడుకుంది. ఆమె వెంకటేశ్వరరావును చెయ్యి పట్టుకున్నంత పని చేసి తీసుకొచ్చి చూపించింది.

రాణిగంజ్ బజారులో తిరిగి, దానంతటదే పడే స్విచ్చు, ఒక రిలే తెచ్చింది. రేడియో బాగుచేసే దుకాణంలో చిన్న ట్రాన్స్‌ఫార్మరు దొరికింది. ఇత్తడి పుల్లల జంటను పైపుకు సరిగ్గా రెండు వేళ్ళ దూరంలో బిగించింది. ఐసు పెరిగి పెరిగి పుల్లల్ని కప్పేయగానే వాటి మధ్య కరెంటు ఆగుతుంది, రిలే టక్కుమంటుంది, కంప్రెసరు దానంతటదే నిలిచిపోతుంది. మొదటిసారి ఆ టక్కు వినబడినప్పుడు షెడ్డులో అందరూ పని ఆపారు. సత్తయ్య మూత తీసి, వేళ్ళు ఐసుకు ఆనించి కొలిచాడు.

"సరిగ్గ ఉన్నది మేడం," అన్నాడు. అతని గొంతులో ఉన్నది కొడుకు పరీక్ష పాసైనప్పటి సంబరం.

రాధమ్మ కూడా లెక్కలోకి వచ్చింది. రేపు ఎన్ని పాలు వస్తాయో ముందే తెలిస్తే ఎంత ఐసు కావాలో నాగేశ్వరి చెప్పగలదు. ఏ ఊళ్ళో ఎన్ని బర్రెలు ఈనాయి, ఎవరింట్లో పెండ్లి ఉండి పాలు ఉంచుకుంటారు, ఇవన్నీ రాధమ్మకు కంఠతా వచ్చు. సాయంత్రం బండి కట్టేముందు ఓ మాట చెప్పిపోయేది. నాగేశ్వరి దాన్ని గోడ మీద సుద్దతో వేసి, తన గీత మీద ఐసు గుర్తు పెట్టేది. ఇద్దరి అంచనాలూ తప్పిన రోజు అరుదు.

వైశాఖంలో అసలు పరీక్ష వచ్చింది. ఎండలు నిప్పులు చెరుగుతున్నాయి. ఒక తెల్లవారుజామున సబ్‌స్టేషనులో పెద్ద ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. ఆ రోజంతా కరెంటు రాదని కబురు వచ్చింది. ట్యాంకులో ఐసు నిండుగా ఉంది. పొద్దుటి పాలకూ సాయంత్రం పాలకూ సరిపోతుందని నాగేశ్వరి నిబ్బరంగానే ఉంది. ఇంతలో రోడ్డు మీద బండ్లు కనబడ్డాయి. సదాశివపేట వైపు కేంద్రం తలుపు మూసుకుందట. అక్కడివాళ్ళంతా క్యాన్లతో ఇక్కడికే వస్తున్నారు.

వెంకటేశ్వరరావు చెమట తుడుచుకున్నాడు. "వాళ్ళ పాలు తీసుకుంటే సాయంత్రం మనవాళ్ళకు ఐసు ఉండదు. తీసుకోకపోతే ఆ పాలన్నీ నేలపాలు. ఏం చేద్దాం?"

నాగేశ్వరి గోడ దగ్గరికి వెళ్ళింది. గుణించి చూసింది. నిజమే, ఐసు చాలదు. మరోసారి చూసింది. పాలు ఒంటి వేడి నుంచి గడ్డకట్టే చలి దగ్గరికి దిగాలి. ఆ దిగడంలో మొదటి మెట్లకు ఐసు ఎందుకు? రోడ్డుకు అవతల పెద్దరాములు బావి ఉంది. నడివేసవిలోనూ లోతు నీళ్ళు పాలకన్నా చల్లన. నాలుగోవంతు భారం బావి మోస్తే మిగిలింది ఐసు మోయగలదు. కరెంటు లేక ఫ్యాక్టరీ మూతపడటంతో సత్తయ్య అక్కడే ఉన్నాడు.

"సత్తయ్యా, మూలన పడేసిన పాత కూలరును వరసలో కలపగలవా? పాలు ముందు దాని మీద జారాలి, దాంట్లో బావి నీళ్ళు పారాలి. తర్వాత మన కూలరు."

"కరెంటు లేదు, గ్యాసుతో అతికిస్త. జల్దీ అయితది."

రాధమ్మ అప్పటికే రోడ్డు దాటుతోంది. పెద్దరాములు ఆ చుట్టుపక్కల పేరున్న ఆసామి. పొలానికి నీళ్ళు పెట్టే డీజిల్ ఇంజను ఇమ్మని అడగడం చిన్న విషయం కాదు. ఆయన తన చెరుకు తోట వైపు ఓసారి చూశాడు.

"పాలిచ్చేటోళ్ళల్ల మా బర్లు గూడ ఉన్నయి గద," అన్నాడు. "నా చెర్కు ఒక పూట ఎండుతది. సావది. పైపులు పరువుండ్రి."

గంటలోపే బావి నీళ్ళు పాత కూలరులో పారాయి. ఎవరి ఊరి క్యాన్లు ఎవరివని చూడకుండా వరసగా పోశారు. సదాశివపేట వైపు నుంచి వచ్చినవాళ్ళు చల్లబడిన పాలను చూసి, షెడ్డులో తొంగి, కరెంటు లేదని మళ్ళీ తెలుసుకుని, ఆశ్చర్యపోతూ నిలబడ్డారు. నాగేశ్వరి నీళ్ళ వేడి చూస్తూ, పంపును ఎక్కువా తక్కువా చేయిస్తూ, నిమిషం కూర్చోలేదు. పొద్దుటి ట్యాంకరు నిండి కదిలింది. సాయంత్రం పాలు వచ్చాయి. అవీ చల్లబడ్డాయి. పొద్దు వాలేముందు ఆఖరి క్యాను కూలరు మీద జారి ట్యాంకరులోకి చేరాక, ఆమె మెట్లెక్కి మూత ఎత్తింది. పైపుల చుట్టూ సన్నని గాజుల్లా ఐసు మిగిలి ఉంది. అంతే మిగులుతుందని ఆమె లెక్క చెప్పింది. అంతే మిగిలింది.

ఆమె కింద కూర్చుండిపోయింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. సత్తయ్య మొహం పక్కకు తిప్పుకుని పానాలు సర్దుకున్నాడు.

ఆ నెలాఖరుకు మిగతా కేంద్రాల నుంచి మనుషులు వచ్చి ట్యాంకును కొలుచుకుపోయారు. జోగిపేటలో ఒకటి కట్టాలని నాగేశ్వరికి పిలుపు వచ్చింది. అతుకులు సత్తయ్యే వేయాలని ఆమె పట్టుబట్టింది. భీమశంకరం ఒక మధ్యాహ్నం సెలవు పెట్టి, తనతో పనిచేసే నలుగురిని బస్సులో వెంటబెట్టుకుని వచ్చాడు. కూతురిని ఏమీ అడగలేదు. రిలే ఎక్కడ, పుల్లలు ఎక్కడ, ఐసు ఎందుకు మందం కట్టకూడదు, అన్నీ తనే వాళ్ళకు వివరించాడు. ఒకటి రెండు తప్పులు చెప్పాడు. నాగేశ్వరి దిద్దలేదు.

ఆ మరుసటి ఆదివారం రాధమ్మ తన ఎడ్లబండి నిండా ఆడవాళ్ళను ఎక్కించుకొచ్చింది. పాల క్యాను మోయడమే తప్ప కేంద్రం లోపల అడుగుపెట్టని వాళ్ళు. వాళ్ళలో అందరికన్నా ముసలిది ఇందిరమ్మ. మెట్లు ఎక్కలేకపోతే సత్తయ్య రెక్క పట్టుకుని ఎక్కించాడు. నాగేశ్వరి మూత తీసి పక్కకు జరిగింది. బయట రోడ్డు మీద తారు కరుగుతోంది. లోపల బారులు తీరిన పైపుల మీద తెల్లగా మెరుస్తున్న ఐసు, దాని మధ్య సన్నగా పారుతున్న నీళ్ళు. ఇందిరమ్మ వంగి చెయ్యి ముంచింది. చలికి చటుక్కున తీసుకుని, ఆ తడి చేత్తో మొహం తుడుచుకుంది.

"ఇది ఎవలదే రాధమ్మా? పట్నం కంపెనోళ్ళదా?"

"కాదవ్వా," అంది రాధమ్మ. "మనదే. మన నాగేశ్వరమ్మ లెక్క, మన సత్తయ్య అతుకు."

"పాలు గూడ మనయే," అంది ఇందిరమ్మ, మళ్ళీ చెయ్యి ముంచుతూ.